పాతర గోడకు బెజ్జాలు

మిషన్ తోట, కప్పగల్లు
30 జనవరి 2005

చెల్లి లోయిస్‌కు,

మైసూరులో నువ్వు, నీ పిల్లలు దేవుని దయవల్ల చల్లగా ఉన్నారని తలుస్తాను. ఫోను చేయొచ్చు కదా అంటావు. మా రోడ్డు మీద ఖనిజం లారీల రొదలో ఫోన్లో నా మాట నాకే వినపడదు. పైగా నువ్వు అడిగిన గోడల కొలతలు నోటితో చెప్పేవి కావు. కాగితం మీద గీసి పంపుతున్నాను. చూసి నవ్వొద్దు.

మన ఇటుకల కొట్టానికి మూడింది. చర్చి కమిటీవాళ్ళు తోటలో ఈ మూలంతా ఖనిజం పోసుకునే యార్డుకు లీజుకిస్తారట. యార్డువాళ్ళకు కొట్టం అడ్డమట, పడగొట్టి చదును చేస్తారట. కరువులో దిక్కులేని పిల్లల కోసం గింజలు దాచడానికి మిషన్ దొరలు కట్టించిన కొట్టం అది. తాత తర్వాత మా నాన్న, నాన్న తర్వాత నేను, దాని తాళంచెవి మూడు తరాలుగా మా ఇంటి మేకుకే వేలాడుతోంది. నేను కమిటీలో గొంతు చించుకుంటే పాస్టరుగారు ఒక దారి చూపించారు. "కెన్నెత్, ఖాలీగా పడుండే కొట్టానికి ఇంత గలాటా ఎందుకప్పా? వాడుకలో ఉండాదని సూపించు, కోతల పండగదాకా ఆగుతాం" అన్నారు. కోతల పండగ అంటే నవంబరు.

మన రాబిన్ కూడా కమిటీ పక్షమే. నా తోడబుట్టినవాడై ఉండి, "అన్నా, ఆ పాడుకొట్టం పోతే పీడ పోతాది" అంటాడు. వాడిప్పుడు ఖనిజం లారీ తోలుతున్నాడు. వాడు ఇల్లు చేరేదాకా అమ్మ కంటికి కునుకు ఉండదు. అమ్మకు అక్షరాలు ఆనడం లేదు కాబట్టి నీ జాబులన్నీ నేనే పైకి చదివి వినిపిస్తున్నాను. ఆమెను తిట్టేది ఏమన్నా ఉంటే వేరే కాగితం మీద రాయి!

పాత కట్టడాల గురించి పిల్లలకు పాఠాలు చెప్పేదానివి. ఇది నిలబడాలంటే ఏం చేయాలో చెప్పు.

నీ అన్న,
కెన్నెత్


మైసూరు
11 ఫిబ్రవరి 2005

కెన్నెత్ అన్నకు, పెద్దమ్మకు వందనాలు.

బొమ్మ చూసి నవ్వలేదు. కమాను ఒక్కటే దోసకాయలా ఉంది.

వేసవి సెలవుల్లో నేను, రాబిన్ గాడు ఆ జాలీ గోడ వెనక దాక్కునేవాళ్ళం, గుర్తుందా? అప్పుడు అది మాకు ఆటస్థలం. ఇప్పుడు నీ కొలతలు చూస్తుంటే ఒళ్ళు పులకరిస్తోంది. పడమటి గోడ జాలీలో ఇటుకలను బయటికి వాలుగా పేర్చారు, గాలి వస్తుంది గానీ జల్లు రాదు. అన్నిటికంటే వింత ఆ పాతర. ఎవరైనా నేలను తవ్వి పాతర చేస్తారు. కింద నల్లరేగడి నీరు పట్టి ఉంచుతుంది కాబట్టి మనవాళ్ళు గుట్ట వాలులో ఎత్తైన అరుగు కట్టి, ఆ అరుగు కడుపులో ఇటుకలతో పాతర కట్టారు. కొట్టం లోపలి నుంచి చూస్తే అది నేలలో గొయ్యి. తూర్పు వైపు బయట నిలబడితే మాత్రం నిలువెత్తుకు మించిన గోడ. ఇలాంటిది నేను ఇంకెక్కడా చూడలేదు.

వాడుకలో ఉండాలన్నారు కదా, అయితే వాడు. ఈ ఏటి జొన్నలు పాతరకు వెయ్యి. పండగ నాడు ఆ జొన్నలే మోసుకెళ్ళి కమిటీ కళ్ళ ముందు బలిపీఠం దగ్గర పొయ్యి. ఈలోగా నేను బొమ్మలన్నీ గీసి పురావస్తు శాఖకు రిపోర్టు పంపుతాను. గింజలున్న కొట్టాన్ని పడగొట్టడానికి ఎవరికీ చెయ్యి రాదు.

రాబిన్‌ను ముందు ఆ లారీ మాన్పించు. పేపరు తెరిస్తే మీ రోడ్డు చావులే కనిపిస్తున్నాయి. వాణ్ణి కొట్టం పనిలో పెట్టు, కళ్ళ ముందు ఉంటాడు. వాడికేమన్నా అయితే పెద్దమ్మ తట్టుకోలేదు.

లోయిస్


మిషన్ తోట, కప్పగల్లు
27 ఫిబ్రవరి 2005

చెల్లీ,

పాతర మూత తీశాం. నేను పలకా బలపం పట్టుకుని తిరిగే రోజుల్లో వాడడం మానేశారు, మళ్ళీ ఇప్పుడే తెరిచింది. లోపల గబ్బిలాలు, చెత్త తప్ప ఏమీ లేదు. నేను, మాతో తోటపని చేసే హులిగప్ప దిగి ఊడ్చాం. ఇటుక ఒక్కటీ కదల్లేదు. ఆ కట్టినవాళ్ళ చేతులకు మొక్కాలి.

పాతర ఎలా వాడేవాళ్ళని అమ్మను అడిగాను. "శనివారం మూత తీసేది. ఆదివారం ఎవురూ ఆ పక్కకు పోగూడదు. సోమవారం పొద్దున ప్రార్థన సేసుకోని దిగేది" అంది. ఊళ్ళోవాళ్ళు పాతర తీసేటప్పుడు కొబ్బరికాయ కొట్టి దీపం దింపుతారు కదా. మనవాళ్ళు మిషన్‌లో కలిశాక ఆ దీపం మానేసి దాని బదులు విశ్రాంతిదినం పెట్టుకున్నారట. ఇంకో తమాషా చెప్పింది. శనివారం మూత తీయగానే తాత గడ్డపార తీసుకొని బయటికి పోయి తూర్పు గోడ కింద పొడిచేవాడట. "ఏంటికమ్మా?" అంటే, "నాకేం తెలుసప్పా, పాములకేమో" అంది.

నీతో అడగాల్సింది ఒకటుంది. పాతర అడుగున తూర్పు గోడకు వరసగా బెజ్జాలున్నాయి. పిడికిలి పట్టేంతవి. గోడ మందమంతా దాటి బయటికి తేలతాయి, అవతలి వెలుతురు కనిపిస్తుంది. కొన్నిట్లో ఎండిన మట్టిముద్దలు ఇరుక్కొని ఉన్నాయి. లారీలు పోయినప్పుడల్లా ఆ బెజ్జాల్లోంచి ఎర్రదుమ్ము పాతరలోకి వస్తోంది. ఎర్రబారిన జొన్నలు బళ్ళారి బజారులో గురురాజ శెట్టి కొట్లో పెడితే, "ఇవి జొన్నలా, ఇనుమా?" అని నవ్వుతాడు. ఎలుకల బాధ సరేసరి. ఆ బెజ్జాలు మూసేదా వద్దా? నువ్వు చెప్పేదాకా చెయ్యి పెట్టను.

కెన్నెత్


మైసూరు
8 మార్చి 2005

అన్నా,

మూసెయ్. అవి నీళ్ళు పోవడానికి పెట్టిన తూములు. పాత పైకప్పు కారేది, కారిన నీరు పాతర అడుగున నిలవకుండా అలా పెట్టి ఉంటారు. ఇప్పుడు నువ్వు రేకులు వేయించావు, నీరు వచ్చే దారే లేదు. ఆ మట్టిముద్దలు కందిరీగ గూళ్ళు, మా దగ్గర పాత కోటగోడల నిండా అవే.

కానీ ఒక్కటి గట్టిగా చెబుతున్నాను. సిమెంటు తాకనివ్వకు. సిమెంటు పాత ఇటుకను తినేస్తుంది. సున్నం, ఇసుక, కాస్త బెల్లం నీళ్ళు కలిపి గచ్చు నూరించి దానితోనే మూయి. యార్డువాళ్ళు సిమెంటు మూటలు ఊరికే ఇస్తామన్నా తీసుకోకు, నీకు నా మీద ఒట్టు!

తాత గడ్డపార కథ మా క్లాసులో చెప్పాను. పిల్లలు పడీపడీ నవ్వారు.

లోయిస్


మిషన్ తోట, కప్పగల్లు
24 సెప్టెంబరు 2005

చెల్లి లోయిస్‌కు,

ఇన్ని నెలలు రాయనందుకు తిట్టుకునే ఉంటావు. మార్చిలో నీ మాట ప్రకారం గచ్చు నూరించి బెజ్జాలన్నీ లోపలి నుంచి నా చేత్తోనే మూశాను. జొన్నలు నింపి, మూత పెట్టి, మట్టితో మెత్తేశాం. కమిటీ పెద్దలు వచ్చి చూసి మారు మాట్లాడకుండా పోయారు.

మంచి వార్త ఏమిటంటే రాబిన్ లారీ మానేశాడు. జూలైలో వీడి ముందు పోతున్న లారీ బోల్తా పడింది. తోలేవాడు వీడి స్నేహితుడే, చేత్తో మట్టి తీసి బయటికి లాగేసరికి ప్రాణం లేదు. ఇంటికి వచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోనాడు పార భుజాన వేసుకొని నా వెనకే తోటకు వచ్చాడు. అమ్మ ఇప్పుడు రాత్రులు నిద్రపోతోంది. మా ఇంట్లో ఇంతకంటే పండగ ఏం కావాలి?

మధ్యలో రాసిన జాబులో బయటి గోడ ఇటుకల అచ్చు అడిగావు కదా. కాగితం ఆనించి బొగ్గుతో రుద్ది తీసింది రాబినే. రుద్దుతున్నంతసేపూ నీ మీద సెటైర్లే. "అక్క ఈ ఇటికెలకు జాతకం రాస్తాండాదా ఏంది?" అన్నాడు. కానీ చూడు, ఎంత శ్రద్ధగా తీశాడో. బెజ్జాల చుట్టూ ఇటుక అంచులు బయటి వైపు మాత్రమే పెచ్చులూడి ఉన్నాయి. అదీ వదలకుండా తీశాడు.

పాతర తీసేది అక్టోబరు పదిహేను, శనివారం. సోమవారం దిగేది రాబిన్. వయసులో ఉన్నవాడు, ఒళ్ళు తేలిక. ఇక్కడో చిన్న గొడవ అయింది. దీపం దింపాలని హులిగప్ప పట్టుబట్టాడు. "దీపం ఆరిపాయనంటే దురుగమ్మ ఒప్పలేదని లెక్క. ఆ పొద్దు ఎవురూ దిగగూడదు, సావ్కారే" అన్నాడు. అమ్మకు చిర్రెత్తుకొచ్చింది. "మిషన్ పాతరలో దీపాలు గీపాలు బేడప్పా, వద్దు. మాకు ఆదివారముండాది, అది సాలు" అంది. వాడు గొణుక్కుంటూ పోయాడు.

కెన్నెత్


మైసూరు
6 అక్టోబరు 2005

అన్నా,

రాబిన్ లారీ మానేశాడన్న ముక్క చదివి కుర్చీలోంచి లేచి కాసేపు అటూ ఇటూ తిరిగాను. దేవుడు మన మొర విన్నాడు. వాడికి చెప్పు, వాడి బొగ్గు అచ్చులు నా పెద్ద పెద్ద విద్యార్థులు తీసేవాటికంటే బాగున్నాయని, ఇటుకలతో పాటు వాడి జాతకం కూడా రాస్తానని. ఆ పెచ్చులు మాత్రం ఎవరో మోటుగా పని చేసినందువల్ల ఊడాయి, పట్టించుకోకు.

పెద్దమ్మ చెప్పిందే సబబు. ఆదివారం గడవనిచ్చి సోమవారం దిగండి. పండగకు నేనూ వస్తాను. రాబిన్ తీసిన జొన్నలతో పెద్దమ్మ చేత రొట్టె కొట్టించుకు తినాలి.

లోయిస్


మిషన్ తోట, కప్పగల్లు
2 నవంబరు 2005

లోయిస్‌కు,

నువ్వు వచ్చి వెళ్ళాక ఇల్లు మరీ బోసిపోయింది. సమాధి మీద మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. లారీల దుమ్ముకు రాబిన్ సిలువ అప్పుడే ఎర్రగా అయింది. అమ్మ పొద్దున్నే పోయి కొంగుతో తుడిచి వస్తోంది, సాయంత్రానికి మళ్ళీ మామూలే.

బస్సెక్కేటప్పుడు అడిగావు, రాయిలాంటి మనిషికి గుండె ఎలా ఆగుతుందని. నాకేం తెలుసు? పాతరలోకి దిగాడు, గుండె ఆగింది. ఇంక ఆ మాట అడగొద్దు.

కొట్టం కొలతలు కూడా అడగొద్దు. రిపోర్టు పంపొద్దు. కమిటీ ఇష్టం వచ్చినట్టు చేసుకోనీ.

కెన్నెత్


మైసూరు
9 నవంబరు 2005

అన్నా,

ఈ జాబు పెద్దమ్మకు చదవకు.

నువ్వు వద్దన్నా ఆగలేకపోయాను. రాబిన్ పేరు మీద ఆ రిపోర్టు పూర్తి చేద్దామని కూర్చున్నాను. కొట్టాన్ని నిలువునా కోస్తే లోపల ఎలా ఉంటుందో చూపించే బొమ్మ ఇన్నాళ్ళూ గీయలేదు. మొన్న గీశాను. పాతర అడుగు, బెజ్జాలు, బయట గుట్ట వాలు, అన్నీ ఒకే గీత మీదికి వచ్చాయి. నీళ్ళ కోసమైతే ఒక్క తూము చాలు, అంత వరస ఎందుకు? అడుగున ఉన్నదంతా వాలు వెంట బయటికి జారిపోవడానికే ఆ కట్టడమంతా. అడుగున ఉండేది నీళ్ళు కావు. మూసిపెట్టిన గింజలు ఊపిరి పీల్చి వదిలిన చెడ్డ గాలి. అది బరువు. పైన మూత తీస్తే పోదు, కింద దారి కావాలి.

అవి కందిరీగ గూళ్ళు కావు అన్నా. గింజలు పోసేటప్పుడు ఆ బెజ్జాలను మట్టిముద్దలతో మూసేవాళ్ళు. తీసేటప్పుడు తాత బయటి నుంచి గడ్డపారతో పొడిచి ఆ ముద్దలు తోసేసేవాడు. రాబిన్ బొగ్గు అచ్చులో పెచ్చులన్నీ బయటి వైపే ఉన్నాయి. అవి గడ్డపార దెబ్బలు. వాడు ఆ దెబ్బలు ఒక్కొక్కటే రుద్ది నాకు పంపాడు, నేను మోటుపని అన్నాను. ఆదివారం ఆగింది దేవుని కోసమే కాదు, ఆ గాలి పోవడానికి కూడా.

సిమెంటా, సున్నమా అని ఒట్లు పెట్టాను తప్ప ఆ బెజ్జం ఎందుకుందని ఒక్కసారి ఆలోచించలేదు. ఆ ఇటుకల గురించి నాకంతా తెలుసనుకున్నాను. నా మాట విని నువ్వు మూశావు. వాణ్ణి లారీ దింపి అందులోకి దింపమన్నదీ నేనే.

నిజం చెప్పు. వాడికి ఆగింది గుండేనా?

లోయిస్


మిషన్ తోట, కప్పగల్లు
4 డిసెంబరు 2005

చెల్లి లోయిస్‌కు,

నీ జాబు వచ్చి చాలా రోజులైంది. కొట్టంలో ఒక్కణ్ణే కూర్చొని చదువుకొని జేబులో పెట్టుకున్నాను. అమ్మ అడిగితే అందరూ బాగున్నారంట అని చెప్పాను.

నిజం అడిగావు. ఆ రోజు రాబిన్ దిగుతూ నవ్వుతున్నాడు. అడుగుకు చేరాక "అన్నా" అని ఒక్క కేక వేశాడు. ఆ తర్వాత పలకలేదు. హులిగప్ప తాడు పట్టుకొని దిగబోయి సగంలోనే కళ్ళు తిరిగి వేలాడిపోతే పైకి లాగాను. అప్పుడు నాకు తాత గడ్డపార గుర్తొచ్చింది. ఎందుకు గుర్తొచ్చిందో తెలియదు. పరుగెత్తిపోయి బయటి నుంచి పొడిచాను. నేను నూరించిన గచ్చు రాయిలా ఉంది, లోయిస్. ఎంత పొడిచినా పగల్లేదు. మట్టి అయితే రెండు పోట్లకు రాలిపోయేది. మొదటి బెజ్జం తెరుచుకునేసరికి ఆలస్యమైపోయింది. ఆస్పత్రిలో డాక్టరు ఊపిరాడక పోయాడనే చెప్పాడు. గుండె అన్నది నేను. హులిగప్పను కూడా నోరెత్తొద్దన్నాను. నీకు తెలిస్తే నువ్వు బతికినన్నాళ్ళూ ఏడుస్తావు, ఒక చావు చాలదా అనుకున్నాను.

మిగతా బెజ్జాలు తర్వాత రోజుల్లో ఒక్కొక్కటే పగలగొట్టాను. పాతర వైపు చూడడానికి నాకు మనసు రాలేదు. పండగ దగ్గర పడగానే అమ్మే లేచింది. "ఆ జొన్నలు తీయాల" అంది. నేను కదల్లేదు. "హులిగప్పా, నీ దీపం తేప్పా" అంది. వాడు నా మొహం చూశాడు. అమ్మే ప్రమిదలో నూనె పోసి, చెంబులో పెట్టి, తాడు కట్టి పాతరలోకి దింపింది. ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఎవరూ చేయని పని. దీపం అడుగున నిలకడగా వెలిగింది. అమ్మ అంచున కూర్చొని మధ్యాహ్నం దాకా దాన్నే చూసింది. తర్వాత నన్ను దిగమంది. దిగాను.

పండగ నాడు జొన్నలు బలిపీఠం దగ్గర పోశాం. పాస్టరుగారు మెల్లగా, "ఇంత జరిగినాక కూడా ఆ కొట్టం వాడుకలో ఉండాదంటావా కెన్నెత్?" అన్నారు. ఆడవాళ్ళ వైపు నుంచి అమ్మ లేచింది. "వాడుకలోనే ఉండాది. నా కొడుకు దాంట్లోనే పాయ. ఇంగేం వాడుక కావాల మీకు?" అంది. కమిటీవాళ్ళు ఇకమీదట లీజు మాట ఎత్తబోమని అక్కడికక్కడే రాసుకున్నారు. కొట్టం నిలిచింది చెల్లీ. నువ్వు, నేను కోరుకున్నది అదే కదా.

నిన్న శనివారం. సాయంత్రం అమ్మ కనపడకపోతే వెతుక్కుంటూ పోయాను. తూర్పు గోడ కింద గడ్డపార పట్టుకొని, లారీల దుమ్ము పేరుకున్న బెజ్జాలను పొడుస్తోంది. ఖాళీ పాతరకు ఎందుకమ్మా అన్నాను. నా వైపు తిరగలేదు.

"ఆ పిల్ల జాబు ఈసారి పైకి సదవలేదేం?" అంది.

నా చెయ్యి జేబులోని నీ జాబు మీదికి పోయింది.

"నువ్వేంది నాకు దాసేది? మార్చిలో నువ్వు సదువుతాంటే పక్కనే కూకోని బియ్యంలో రాళ్ళు ఏరుతాండ్లా? అంతా ఇన్నా. బెజ్జాలు మూయమనింది అది. మూసింది నువ్వు. దీపం బేడనింది నేను."

ఆ తర్వాత, "క్రిస్మస్‌కు రమ్మని రాయి. రాకపోతే నేనే మైసూరు పోతా" అంది. నేను గడ్డపార అందుకోబోతే ఇవ్వలేదు. పక్క బెజ్జం దగ్గరికి జరిగి మళ్ళీ పొడవడం మొదలుపెట్టింది.

నీ అన్న,
కెన్నెత్